మేనరికం - రక్తం లెక్క
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



థలసీమియా గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కోరారు. లెక్కలతో విసిగిస్తామేమోనని జంకుగానే ఉంది. కాని ఆ లెక్క తెలియకనే మన ఇళ్ళల్లో కోడళ్ళు మాటలు పడుతున్నారు. బిడ్డ ఏడాది తిరక్కుండానే పాలిపోయి, మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించవలసివస్తే, “దీని కడుపే మంచిది కాదు” అన్న పెద్దలను మేము కళ్ళారా చూశాము.

బిడ్డకు ఈ జబ్బు రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఒక్కటే ఉన్నవారిని వాహకులంటారు. వారు ఆరోగ్యంగానే తిరుగుతారు. మహా అయితే రక్తం కాస్త తక్కువని ఐరన్ మాత్రలు మింగుతుంటారు. వాహకులిద్దరు పెళ్ళాడితే ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది గనుక తరువాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు.

ఇక లెక్క. మన దేశంలో ఈ వాహకులు నూటికి ముగ్గురు నలుగురు ఉంటారని అంచనా. సింధీల వంటి కొన్ని సమాజాలలో ఇంకా ఎక్కువ. నలుగురనే అనుకుందాం. మనిషికి రెండు చొప్పున వందమందిలో ఈ జన్యువులు 200. వాటిలో లోపమున్నవి 4, అంటే నూటికి 2. శాస్త్రజ్ఞులు జన్యు పౌనఃపున్యం అనేది దీనినే. అందరూ పరాయి సంబంధాలే చేసుకుంటే, లోపమున్నవి రెండూ ఒకే బిడ్డలో కలిసేది నూటికి 2లో మళ్ళీ నూటికి 2, అంటే పదివేల కాన్పులకు 4. ఈ సూత్రాన్ని 1908లో ఇద్దరు వేర్వేరుగా చెప్పారు. ఒకరు జర్మన్ వైద్యుడు వైన్‌బర్గ్. రెండవవారు మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీ దొరగారే!

దగ్గరి సంబంధమైతే? ఆలుమగలకు తాత, అవ్వ ఒకరే. ఆ పెద్దల జన్యువు ఒక్కటే రెండు దారుల్లో దిగివచ్చి బిడ్డలో కలిసే అవకాశం 16లో ఒక వంతు. దాన్ని కూడా కలిపితే పదివేలకు 4 కాస్తా సుమారు 16 అవుతుంది. చాచా కూతురైనా, ఖాలా కూతురైనా, మామూ కూతురైనా లెక్క ఒకటే. (మేనమామ మేనకోడలిని చేసుకోవడం మనకు నిషిద్ధం. ఆ ఆచారమున్న ఇళ్ళల్లో అది 8లో ఒక వంతు.)

అలాగని మేనరికం జబ్బును పుట్టించదు. సమాజంలో లోపపు జన్యువుల సంఖ్యనూ పెంచదు. ఉన్నవాటిని ఒకచోట చేరుస్తుంది, అంతే. ఇవి ఇన్ని తరాలుగా నిలవడానికి మలేరియా కారణమై ఉండవచ్చునని 1949లో హాల్డేన్ అన్నాడు. వాహకులకు ఆ జ్వరం నుంచి కొంత రక్షణ ఉందని తరువాతి పరిశోధనలు చూపాయి. ఏ వంశానికో తగిలిన శాపమని చాటున గుసగుసలాడేవారు ఈ సంగతి వినాలి.

“అయితే మేనరికాలు మానేయమంటారా?” అని అడుగుతారు. మానేసినా వాహకుడికి పరాయి ఇంటి వాహకురాలు దొరకవచ్చు కదా! ఇరాన్‌లో దగ్గరి సంబంధాలు మనకంటే తక్కువేమీ కాదు. అక్కడ 1997లో పెళ్ళికి ముందు రక్తపరీక్షను దేశమంతటా అమలులోకి తెచ్చారు. ముందు అబ్బాయి రక్తం చూస్తారు. అతని ఎర్రకణాలు చిన్నవిగా కనిపిస్తేనే అమ్మాయిది చూస్తారు. ఇద్దరూ వాహకులని తేలితే సలహా ఇస్తారు. జబ్బుతో పుట్టే బిడ్డల సంఖ్య బాగా తగ్గింది. అబ్బాయితో మొదలుపెట్టడం మాకు ఎంతో నచ్చింది. మన దగ్గరైతే పరీక్ష అనగానే ముందు పిల్ల చెయ్యే చాపమంటారు!

పరీక్ష పెద్దదేమీ కాదు. మామూలు రక్తపరీక్షలో ఎర్రకణాల సైజు తక్కువని వస్తే హెచ్.బి.ఎ.2 పరీక్ష చేస్తారు. అది 3.5 శాతం దాటితే సాధారణంగా వాహకులే.

శుభలేఖలు పంచాక పరీక్ష అంటే ఎవరూ ఒప్పుకోరు. మేము అడిగి చూశాము, తలుపులు వేసుకున్నారు. కనుక సంబంధం మాట రాకముందే, పిల్లలు కాలేజీలో ఉండగానే చేయించి, ఆ కాగితం సర్టిఫికెట్లతోపాటు దాచండి. ముందు మగపిల్లలకు చేయించండి.