నీటి బలం లోతులో ఉంది

జర్మనీలో రెమ్‌షైడ్ దగ్గరున్న ఎష్‌బాఖ్ డ్యాము గురించి చెప్పమని పిలిచారు. ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు: ‘పది లక్షల ఘనపు మీటర్ల నీళ్లకి పాతిక మీటర్ల గోడ దేనికండీ?’ ఈ ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. అయ్యా, గోడను నెట్టేది వెనక ఎన్ని నీళ్లున్నాయన్నది కాదు, ఎంత లోతున్నాయన్నది! 20 మీటర్ల లోతున చదరపు మీటరుకు 20 టన్నుల ఒత్తిడి. వెనక నీరు అర కిలోమీటరున్నా సరే, యాభై కిలోమీటర్లున్నా సరే, అంతే. లోతు రెట్టింపైతే గోడ మీద మొత్తం తోపుడు నాలుగింతలవుతుంది. చిన్న డ్యామే కదా అని కాపలా తగ్గించే అధికారులు ఈ లెక్క గోడకి రాసి పెట్టుకోవాలి.

రెమ్‌షైడ్ ఆకురాళ్లూ రంపాలూ చేసే ఊరు. ఊరు గుట్ట మీద, వాగులు కింద లోయల్లో. ఫ్యాక్టరీలు పెరిగాయి, నీళ్లు చాలలేదు. ఆఖెన్‌లో పాఠాలు చెప్పే ఇంజనీరు ఒట్టో ఇంట్సె వచ్చి 1889–91లో ఈ గోడ లేపాడు. తాగునీటి కోసం జర్మనీలో కట్టిన మొదటి డ్యాము ఇదే.

గోడ వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు వల్లే నిలబడిందని పుస్తకాల్లో కూడా రాస్తున్నారు. కాదండీ, బరువు వల్ల నిలబడింది! ఇంట్సె అసలు తెలివి నీటి వైపు కనబడుతుంది. గోడ కింది సగానికి ఆనించి బంకమట్టి దట్టించి, వాలుగా కట్టపోసి, పైన రాళ్లు పరిచాడు. రాతి అతుకుల్లోంచి, గోడ మొదట్లోంచి నీరు దూరకుండా ఆ మట్టి అడ్డుకుంటుంది. చెరువు కట్ట కింద ఊట చూసినవాళ్లకి దీని విలువ నేను చెప్పక్కర్లేదు.

మన ఊళ్లలో చాలా వాటర్ ట్యాంకులకు అడుగున గరాటు వాలు, మధ్యలో గుమ్మటం ఉంటాయి చూడండి. అదీ ఇంట్సెదే! గుమ్మటం బయటికి తోస్తుంది, గరాటు లోపలికి తోస్తుంది, రెండూ చెల్లిపోయి కింద స్తంభాలకి నిలువు బరువే మిగులుతుంది. ఆ రకం మొదటి ట్యాంకు 1883లో కట్టింది కూడా రెమ్‌షైడ్‌లోనే.

టైమైందంటున్నారు, తొందరగా చెప్పేస్తాను. మళ్లీ డ్యాముకొస్తే, అప్పటి లెక్కల్లో గోడ అడుగున దూరిన నీరు పైకి ఎత్తే బలాన్ని సరిగా పట్టించుకోలేదు. 1895లో ఫ్రాన్స్‌లో బూజే డ్యాము తెగి ఎనభై మందికి పైగా పోయాక కళ్లు తెరిచారు. ఎష్‌బాఖ్‌ని 1990ల్లో బాగుచేశారు. ఇప్పుడు గోడ లోపల తనిఖీ సొరంగం ఉంది, ఊటనీటిని అక్కడ కొలుస్తారు. ఇక ప్రశ్నలడగండి.