నాటక పద్యం నుంచి వాగ్గేయకార చరిత్ర దాకా
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువుల గురించి మాట్లాడవలసిన సభలో పాటల ప్రసక్తి ఎందుకని మీలో కొందరనుకోవచ్చు. మేము చెప్పబోయేది చదువు మాటేనండీ. చదువునూ పాటనూ విడదీయకుండా బ్రతికిన మన గోదావరి పండితుడొకరిని తలచుకుందామని నిలబడ్డాము.

ఆయన బాలాంత్రపు రజనీకాంతరావు గారు. 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టారు. వెంకట పార్వతీశ్వర కవులలో ఒకరైన వెంకటరావు గారు వారి తండ్రి. రజని గారు పెరిగింది పిఠాపురంలో. ఆ ఊరు మనకు పరాయిది కాదు. ఫారసీలోని ఖయ్యామును నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చి, తెలుగులో నాటకాలు వ్రాసి, కేంద్ర శాసనసభలో కూర్చున్న ఉమర్ అలీషా గారి ఊరే అది.

ఆ రోజుల్లో మన జిల్లాలకు నాటకమే సంగీత పాఠశాల. చిలకమర్తి వారి గయోపాఖ్యానం ఊరూరా ఆడేవారు. హార్మోనియం శ్రుతి పట్టగానే జనం సర్దుకుని కూర్చునేవారు. బాగా పాడితే వన్స్‌మోర్ కొట్టి అదే పద్యం మళ్ళీ పాడించుకునేవారు. రాగం పేరు తెలియని రైతు కూడా ఎక్కడ అపశ్రుతి పడిందో చెప్పగలిగేవాడు. సాహిత్యం చెవి ద్వారా మనసులోకి దిగిన కాలమది.

రజని గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చదివి, 1941లో మద్రాసు రేడియోలో చేరారు. నాటకం కంటికి కనబడకుండా చెవికే వినిపించాలంటే మాటకూ పాటకూ సంబంధం తెలిసినవాడు కావాలి గదా! ఆయన సంగీత రూపకాలు ఆ పని చేశాయి. 1947 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చిన నాడు, ఆయన కట్టిన పాటను టంగుటూరి సూర్యకుమారి గారు మద్రాసు రేడియోలో పాడారు. తరువాత విజయవాడ కేంద్రం నుంచి వచ్చిన భక్తిరంజని తెలుగు ఇళ్ళను తెల్లవారుజామునే లేపింది.

అయితే పాడి ఊరుకోలేదాయన. అన్నమయ్య, క్షేత్రయ్య మొదలైన వారి చరిత్రలు వెదికి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ వ్రాశారు. దానికి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అంతకు ముందటి ఏడు అదే బహుమతి పోణంగి శ్రీరామ అప్పారావు గారి ‘నాట్యశాస్త్రము’కు వచ్చింది. ఒక ఏడు నాటకానికి, మరుసటి ఏడు సంగీతానికి! రజని గారు 2018 ఏప్రిల్‌లో, తొంభై ఎనిమిదేళ్ళ వయస్సులో కన్నుమూశారు.

ఇక మా ఇంటి మాట. సిగ్గుగానే ఉన్నా చెప్పాలి. మా అబ్బాజాన్‌కు నాటకాలంటే ప్రాణం. విన్న పద్యాలన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులో వ్రాసుకున్నారు. ఇల్లు మారేటప్పుడు మేము దానిని పాత కాగితాలతో కలిపి తూకానికి వేసేశాము. కొన్నాళ్ళకు ఆయనను ఒక పద్యం పాడమని అడిగాము. సగందాకా పాడి ఆగిపోయారు. “నోటుబుక్కు ఇట్లా తే, బేటా” అన్నారు. మాకు నోట మాట రాలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ మిగిలిన సగం మాకు ఇప్పటికీ తెలియదు.

రజని గారు వందల ఏళ్ళ నాటి పాటల జాడ తీశారు. మేము మా ఇంట్లో ఉన్నదానిని నిలుపుకోలేకపోయాము. చదువంటే పరీక్ష ప్యాసవడమొక్కటే కాదని మాకు అప్పుడు తెలిసింది.

కనుక సభ్యులకు మా మనవి ఒక్కటే. పెళ్ళిళ్ళలో మన నానమ్మలు పాడే పాటలు, తాతల నోట ఉన్న పద్యాలు పిల్లలచేత వ్రాయించండి. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది, గొంతు కూడా పట్టి ఉంచండి. సంఘం బీరువాలో ఒక అర వాటికి కేటాయిస్తే మొదటి నోటుబుక్కు మేమే కొని ఇస్తాము. అందులో మొదటి పేజీలో ఆ సగం పద్యం వ్రాస్తాము. మీలో ఎవరికైనా మిగిలిన సగం వస్తే పూర్తి చేయండి.