తెరచుకొనని ప్రోగ్రాము

మన యిండ్లలోనికి కంప్యూటరు వచ్చి చాలకాలమైనది. ఇంటి లెక్కలు, ఉత్తరములు, పొలము కాగితములు, పిల్లల చదువులు, పెద్దల ఛాయాచిత్రములు అన్నియు దానిలోనే దాచుకొనుచున్నాము. అట్టి యంత్రము బాగుగనే యుండి, మనకు కావలసిన ప్రోగ్రాము ఒక్కటి మాత్రము తెరచుకొనకపోయిన దినమున కలుగు కలవరము ఇంతింత కాదు. తెరమీది బొమ్మపై రెండుమార్లు నొక్కుదుము. చిన్న చక్రమొకటి రెండు క్షణములు తిరిగి మాయమగును. తరువాత ఏమియు రాదు. మరల నొక్కుదుము, మరల అంతే. ఇట్టి సమయమున ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగా ఏమి చేయకూడదో, మా యనుభవములో తెలిసినంతవరకు మనవి చేయుదుము.

మొదట మా తప్పు చెప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింటి కంప్యూటరులో వ్రాతకు వాడుకొను ప్రోగ్రాము ఇట్లే మొరాయించినది. మా తల్లిగారు వృద్ధాప్యమున చెప్పుచుండగా మేము వ్రాసికొన్న పెండ్లిపాటలు, ఊరగాయల పాళ్లు, చుట్టముల ముచ్చట్లు నూటికి పైగా పుటలు దానిలో నున్నవి. మరమ్మతు తెలిసిన యువకుడొకడు వచ్చి చూచి, "అంతా తుడిచివేసి మొదటినుంచి వేస్తే సరిపోతుందండీ" అనెను. మేము తల యూపితిమి. సాయంకాలమునకు ప్రోగ్రాము చక్కగా తెరచుకొన్నది. కాని అందులో తెరచి చూచుకొనుటకు మాకేమియు మిగులలేదు. మా తల్లిగారు అప్పటికే గతించి యుండిరి. ఆ యువకుని తప్పు పట్టలేము. వ్రాతలు ఎక్కడ నున్నవని అతడు అడుగలేదు, మేమును చెప్పలేదు.

గత సంవత్సరము మా వీధిలోని విశ్రాంతోపాధ్యాయు లొకరికి ఇదే కష్టము వచ్చినది. వారు తమ గ్రామపు చెరువులను, తూములను, పాత తగవులను గూర్చి ఏండ్ల తరబడి సేకరించి 240 పుటలు వ్రాసిరి. ముద్రాపకునకు ఇచ్చెదమన్న నాటికి ముందురాత్రి కరెంటు పోయినది. తెల్లవారి చూడగా ప్రోగ్రాము తెరచుకొనలేదు. వారు మా యింటికి వచ్చి, "అంతా పోయినట్టేనా బాబూ?" అని యడిగినప్పుడు వారి చేయి వణకుచుండెను. "మాస్టారూ, మీరు దేనినీ నొక్కకండి, వస్తున్నాము" అని వెంట నడచితిమి.

ఇచ్చట తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. మనము ప్రోగ్రామని పిలుచుకొను దానిలో నిజమునకు మూడు వస్తువులు కలిసియున్నవి. మొదటిది పనిముట్టు, అనగా ప్రోగ్రాము. రెండవది మనము వ్రాసికొన్న వ్రాత. ఇది ఫైలు రూపమున వేరొక చోట, సాధారణముగా డాక్యుమెంట్స్ అను ఫోల్డరులో నుండును. మూడవది ప్రోగ్రాము తనకై వ్రాసికొను జ్ఞాపకముల చిట్టా. నిన్న ఏ ఫైలు తెరచితిరి, అక్షరము ఎంత పరిమాణమున నుండవలెను, కిటికీ తెరపై ఎక్కడ నుండవలెను మొదలగునవి అందుండును. విండోస్ కంప్యూటరులలో ఈ చిట్టా తరచుగా యాప్‌డేటా యను ఫోల్డరులో నుండును. అది మామూలుగా కంటికి కనబడదు. ఈ మూడింటిలో ఏది చెడినదో తెలియకుండ మూడింటిని కలిపి తుడిచివేయుట బీరువా తాళము పట్టలేదని ఇల్లు తగులబెట్టుకొనుట వంటిది.

కావున చికిత్సకు ముందు నకలు తీయవలెను. ప్రోగ్రాము తెరచుకొనకపోయినను ఫోల్డరు తెరచుకొనును. మాస్టారి డాక్యుమెంట్స్ ఫోల్డరులో ఆ 240 పుటల ఫైలు పదిలముగనే యున్నది. దానిని పెన్ డ్రైవునకు ఎక్కించి, మా యింటి కంప్యూటరులో తెరచి, చివరిపుట వరకు చూచి, అప్పుడు వారితో "మీ పుస్తకము క్షేమము" అని చెప్పితిమి. వారు కుర్చీలో కూర్చుండి మంచినీళ్లడిగిరి. నకలు తీసిన మాత్రమున చాలదు. అది మరియొక యంత్రములో తెరచుకొనుచున్నదని కన్నులార చూడవలెను.

రెండవ పని, ఆ ప్రోగ్రాము లోలోపల ఇదివరకే నడచుచున్నదేమో చూచుట. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ వచ్చును. అందు నడచుచున్న పనుల పట్టిక యుండును. పెక్కు ప్రోగ్రాములు తమ ప్రతి యొకటి నడచుచుండగా రెండవదానిని తెరవనీయవు. కనబడకుండ చిక్కుకొన్న మొదటి ప్రతి తలుపు కడ్డముగా కూర్చుండును. మాస్టారు కంగారులో పలుమార్లు నొక్కియుండిరి; పట్టికలో ఆ పేరు నాలుగు చోట్ల కనబడినది. నాలుగింటిని ముగించి, కంప్యూటరును రీస్టార్ట్ చేసితిమి. ఇక్కడ నొక సూక్ష్మము. విండోస్ 10, 11 లలో త్వరిత ప్రారంభమను ఏర్పాటు అమలులో నున్నచో, షట్ డౌన్ చేసినప్పుడు వ్యవస్థ తన స్థితిలో కొంతభాగమును దాచుకొని మరల అదే తెచ్చుకొనును. రీస్టార్ట్ చేసినప్పుడే అంతయు క్రొత్తగా మొదలగును. అయినను మాస్టారి ప్రోగ్రాము తెరచుకొనలేదు.

మూడవ పని, యంత్రము చెప్పు మాటను చదువుట. తెరపై వచ్చు సందేశమును మనలో చాలమంది చదువక మూసివేయుదుము. దానిని కాగితముపై వ్రాసికొనవలెను. ఫలానా డి.ఎల్.ఎల్. కనబడలేదని వచ్చినచో, పలు ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొను సామగ్రిలో ఒకటి లోపించినదని యర్థము. ఉదాహరణకు ఎం.ఎస్.వి.సి.పి. 140 అను పేరు వచ్చినచో అది మైక్రోసాఫ్ట్ వారి విజువల్ సి ప్లస్ ప్లస్ సామగ్రికి చెందినది. దానిని ఆ సంస్థవద్ద నుండియే తెచ్చుకొనవలెను గాని, దారిన పోవు వారిచ్చు ఫైలును తెచ్చి పెట్టుకొనరాదు. సందేశ మేమియు రాకున్నచో ఈవెంట్ వ్యూయర్ అను దినచర్య గలదు. అందు అప్లికేషన్ అను విభాగములో, ప్రోగ్రాము కూలిన నిమిషమునకు ఎదురుగా ఎర్రగుర్తుతో ఒక పద్దు సాధారణముగా కనబడును. ఏ భాగమువద్ద కూలినదో అందు వ్రాసియుండును.

నాలుగవది ఆ జ్ఞాపకముల చిట్టాను పరీక్షించుట. దీని ప్రాముఖ్యము తెలియుటకు మన తెలుగక్షరమునకే సంబంధించిన ఉదంత మొకటి చెప్పుదుము. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఫోనులలోను, మాక్ కంప్యూటరులలోను ఒక వింత వ్యాధి కనబడినది. 'జ్ఞా' అను అక్షరము, జకారమునకు ఞకారపు వత్తు, దానిపై కంటికి కనబడని విభాజక చిహ్న మొకటి, పిదప దీర్ఘము అను వరుసలో వచ్చినచో, దానిని తెరపై చిత్రించు భాగము తడబడి ప్రోగ్రాము కూలిపోయెడిది. సందేశముల ప్రోగ్రామును మరల తెరువబోయిన, అది మొట్టమొదట ఆ సందేశమునే చూపబోయి మరల కూలెడిది. ఎన్నిమార్లు తెరచినను అదే గతి. జ్ఞానమునకు మొదటి యక్షరమైన పాపమునకు తెలుగు లిపి నిందల పాలైనది గాని, దోషము లిపిది కాదు, చిత్రించు భాగముది. ఆ నెల 19వ తేదీన సంస్థవారు సవరణను విడుదల చేసిరి.

ఈ ఉదంతమునుండి గ్రహింపవలసిన దేమనగా, ప్రతిదినము ఒకే చోట కూలు ప్రోగ్రాము తాను మేలుకొనగనే చదువు దేనినో చూచి కూలుచున్నదని అనుమానింపవలెను. అందుచేతనే ప్రోగ్రామును తీసివేసి మరల వేసినను ఒక్కొక్కప్పుడు ఫలితముండదు. పనిముట్టు క్రొత్తదే వచ్చును. పాత చిట్టా మాత్రము ఉన్నచోటనే యుండి దానిని మరల పడద్రోయును. కరెంటు పోయిన క్షణమున ప్రోగ్రాము ఆ చిట్టాలో ఏదో వ్రాయుచుండినచో, వ్రాత సగములో తెగి చిట్టా చెడుట కవకాశము గలదు.

మాస్టారి యింట మేము ఆ చిట్టాయున్న ఫోల్డరును తుడిచివేయలేదు. దాని పేరు చివర 'పాతది' యని చేర్చితిమి. ప్రోగ్రాము తన చిట్టా కనబడక, తొలిదినమున వలె క్రొత్తది వ్రాసికొని, తెరచుకొన్నది. అక్షరముల పరిమాణము మారినది, ఇటీవలి ఫైళ్ల పట్టిక ఖాళీయైనది; పోయినది అంతమాత్రమే. ఒకవేళ అప్పటికిని తెరచుకొనకున్నచో పాత పేరు పెట్టి యథాస్థితికి తెచ్చి, వేరొకచోట వెదకియుందుము. ఒక సమయమున ఒక్క మార్పు మాత్రమే చేయవలెనని, అదియు వెనుకకు తీసికొనదగినదై యుండవలెనని మేము పెట్టుకొన్న నియమము ఇందుకొరకే. నాలుగు మందులు ఒక్కసారి మ్రింగినవానికి ఏ మందు పనిచేసినదో తెలియదు.

ఇంతకును మేము నిపుణులము కాము. మరమ్మతు తెలిసినవారిని పిలుచుట తప్పును కాదు. వారు వచ్చునప్పటికి నకలు తీసియుంచి, వచ్చిన సందేశమును కాగితముపై వ్రాసియుంచి, మన వ్రాతలు ఎక్కడ నున్నవో వారికి చూపగలిగినచో చాలును. అవి చూపక ముందు తుడిచివేయుమని మాత్రము ఎవరికిని సెలవీయరాదు.

మాస్టారి పుస్తకము ముద్రణకు వెళ్లినది. ఇప్పుడు వారు ప్రతి ఆదివారము తమ ఫైళ్లను పెన్ డ్రైవునకు ఎక్కించి, దానిని పంచాంగము ప్రక్కన గూటిలో పెట్టుకొనుచున్నారు. మేమును అట్లే చేయుచున్నాము. మా తల్లిగారి పాటలలో మాకు నోటికి వచ్చినవి పదునొకండు. వానిని మరల వ్రాసికొని, మొదటి నకలు మాస్టారి గూటిలోనే యుంచితిమి.