‘మిస్సమ్మ’ చూసిన బడి
(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై ఐదేళ్ల వేడుకలలో కవి సమ్మేళనం, ఆటల పోటీలు, పూర్వ విద్యార్థుల సమావేశం ఉండటం పరిపాటి. ఈసారి వాటితోపాటు మరొక కార్యక్రమం కూడా జరిగింది. ఒక ఆదివారం ఉదయం పాఠశాల పిల్లలు, వారి తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు, ఉపాధ్యాయులు కలిసి చెన్నైలో ఒక చిన్న ప్రదర్శనశాలకు వెళ్లి ‘మిస్సమ్మ’ చిత్రం చూశారు. పాఠశాల ఉత్సవంలో హాస్యచిత్రానికి చోటెందుకని కొందరు పెద్దలు అడగకపోలేదు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగం.

‘మిస్సమ్మ’ పరాయి ఊరి చిత్రం కాదు. వడపళనిలోని వాహినీ స్టూడియోలో రూపుదిద్దుకొని 1955 జనవరిలో విడుదలయింది. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. 1947లో ‘చందమామ’ను ప్రారంభించి తెలుగు పిల్లల చేతికి అందించినవారు వీరే. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. పాటలు పింగళి నాగేంద్రరావువి, సంగీతం ఎస్. రాజేశ్వరరావుది. మొదట నాయిక పాత్రకు భానుమతిని అనుకొన్నారు. కొన్ని రీళ్ల చిత్రీకరణ జరిగిన పిమ్మట ఆ పాత్ర సావిత్రికి దక్కింది. సావిత్రికి అనుకొన్న సీత పాత్ర జమునకు వచ్చింది.

కథ కూడా బడి కథే. అప్పారావుపేట జమీందారు గోపాలం పెద్ద కుమార్తె మహాలక్ష్మి చిన్ననాడే తప్పిపోతుంది. ఆ బిడ్డ పేరిట ఆయన ఒక పాఠశాల పెడతాడు. అక్కడున్న ఉపాధ్యాయులు రాజు, పంతులు. రాజుకు అపరాధ పరిశోధన మీద ఉన్న శ్రద్ధ పాఠాల మీద లేదు. చదువు సాగటం లేదని గ్రహించిన జమీందారు పట్టభద్రులైన దంపతులు కావాలని ప్రకటిస్తాడు. ఉద్యోగాలు లేని ఎం.టి. రావు, మేరీ దంపతులమని చెప్పుకొని అక్కడికి చేరతారు. ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవ కుటుంబంలో పెరిగిన యువతి. ఇల్లు ఒక్కటే, అభిప్రాయాలు రెండు. ఇక హాస్యానికి కొదవేముంది?

ఈ కథను పిల్లలకు చూపవచ్చునా అని ఒక తల్లి సందేహం వెలిబుచ్చారు. అబద్ధమాడి ఉద్యోగం సంపాదించిన ఉపాధ్యాయులు ఆదర్శమెట్లా అవుతారు? ప్రశ్న న్యాయమైనదే. అయితే చిత్రం ఆ అబద్ధాన్ని మెచ్చుకోలేదు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి మరొకటి, దానికి తోడు ఇంకొకటి ఆడవలసి రావడం వల్లనే ప్రేక్షకుడికి నవ్వు పుడుతుంది. మేరీ కోపం, రావు తంటాలు ఆ బరువు నుండి పుట్టినవే. అంతకుమించి, చదువుకొన్న ఇద్దరిని అటువంటి నాటకానికి నెట్టిన నిరుద్యోగం కూడా అందులో కనిపిస్తుంది. ఉపాధ్యాయుని జీతభత్యాల సంగతి ఎరిగినవారు ఆ ఘట్టాలలో నవ్వుతూనే ఆలోచనలో పడ్డారు.

ఆనాటి ప్రదర్శనశాలలో గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. తెరమీద మాట పూర్తికాకముందే తాతయ్యలు, అమ్మమ్మలు నవ్వసాగారు. కొందరు పిల్లలు తెరవైపు కాక తమ పెద్దల ముఖాలవైపు చూసి నవ్వారు. ఆ నవ్వు చిత్రం వలన కలిగినది కాదు, పక్కవారి నుండి అరువు తెచ్చుకొన్నది. ఇంట తెలుగు మాట్లాడుతూ బయట వేరొక మాధ్యమంలో చదివే బంధువుల పిల్లలు కూడా వచ్చారు. తెరపై పేర్లు పడుతుండగా వాటిని చదివి చెప్పే బాధ్యత మన బడి పిల్లల మీద పడింది. పదేళ్ల బాలిక తన పెదనాన్నగారి అబ్బాయికి ఒక్కొక్క పేరూ గుసగుసగా చదివి వినిపించింది. పరీక్షలో వచ్చే మార్కుల కంటె ఆ బాలికకు ఆ క్షణాన కలిగిన గౌరవం పెద్దది.

చిత్రంలో డబ్బుకు మారుపేరుగా ‘తైలం’ అనే మాట వినిపిస్తుంది. పెద్దలకది చక్కిలిగిలి. పిల్లలలో చాలామందికి నూనె అంటే తెలుసు, తైలం తెలియదు. వారితో వచ్చిన ఒక తమిళ బాలుడు మాత్రం వెంటనే అందుకొన్నాడు. జలుబు చేస్తే వాళ్లింట రాసేది నీలగిరి తైలమే కదా! పొరుగుభాష మన మాటకు అర్థం చెప్పిన సందర్భమది. ఇదే కథ 1955లోనే తమిళంలో ‘మిస్సియమ్మ’గా వచ్చింది. రెండింటా నాయిక సావిత్రే. తమిళంలో నాయకుడు జెమినీ గణేశన్. ‘దేవదాసు’తో విషాద నాయకుడుగా పేరు పొందిన అక్కినేని నాగేశ్వరరావు తెలుగులో కోరి ధరించిన రాజు పాత్రను తమిళంలో తంగవేలు పోషించారు.

తమిళనాట ఉన్న తెలుగువారు తమిళాన్ని చక్కగా నేర్వవలసిందే. 2006 నాటి చట్టంతో తమిళం పాఠశాలల్లో దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశమయింది కూడా. అందువల్ల తెలుగుకు కేటాయించే సమయం, శ్రద్ధ తగ్గిపోతాయేమోనన్న భయం తల్లిదండ్రులకు ఉన్నది. ఆ భయం నిరాధారం కాదు. వ్యాకరణం, ఉత్తరం, దరఖాస్తు ఏ భాషలోనైనా నేర్చుకోవచ్చు. కాని చమత్కారం వినగానే నవ్వు రావాలంటే ఆ భాష ఇంటా బడిలోనూ చెవిన పడుతూ ఉండాలి. అర్థం వివరించి చెప్పిన హాస్యం చల్లారిన కాఫీ వంటిది.

మరునాడు తెలుగు ఉపాధ్యాయిని పిల్లలకు రెండు పనులు అప్పగించారు. చిత్రంలో తెలియని మాటలు వ్రాసుకొని, వాటి అర్థం ఇంట్లో పెద్దలనే అడిగి తెలుసుకోవడం మొదటిది. నచ్చిన ఘట్టాన్ని సొంత మాటలలో వ్రాయడం రెండవది. ఆ వారం కొన్ని ఇళ్లలో భోజనాల వేళ టెలివిజన్ మూగవోయి, తాతయ్యల గొంతు వినిపించిందని తల్లులు చెప్పారు. ఏటా ఒక మంచి తెలుగు చిత్రాన్ని మూడు తరాలవారూ కలిసి చూడటం, ఆ మాటల పుస్తకాలను గ్రంథాలయంలో భద్రపరచడం ఈ ఉత్సవాల అనంతరం కూడా కొనసాగించదగిన పని. ఖర్చు స్వల్పం, పూర్వ విద్యార్థులు తలచుకొంటే అదీ భారం కాదు.

జమీందారు తప్పిపోయిన బిడ్డ పేరిట బడి కట్టించాడు. ఆ బిడ్డ మేరీయేనని, అదే బడిలో పాఠాలు చెబుతున్నదని చివరకు తెలుస్తుంది. బడి నడుస్తున్నది కనుకనే ఆమె తిరిగి ఇల్లు చేరింది. ఈ నగరంలో తెలుగు బిడ్డలు తమ భాష వద్దకు తిరిగి రావడానికి తెరచి ఉన్న వాకిళ్లలో ఈ పాఠశాల ఒకటి. దీనిని మూతపడనీయకుండా కాపాడుకోవడం తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు అందరి బాధ్యత.

స్వస్తి.