తూచెడి తక్కెడకు ముద్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



సంతలో ధాన్యము కొనువారు తక్కెడ ముల్లును చూతురు గాని, పడికట్టు రాతి అడుగున సర్కారు ముద్ర యున్నదా యని తిరగవేసి చూచువారు అరుదు. ముద్రలేని రాతివలన సంతలో పోవునది గుప్పెడు గింజలు. బ్రెజిల్ దేశమునందైతే అట్టి తూనికపైననే లారీ నడుపువాని జీవనము ఆధారపడియున్నది. అక్కడ తక్కెడలో పడునది ధాన్యము కాదు, డ్రైవరు తలవెంట్రుక.

బ్రెజిల్ దక్షిణ అమెరికాలోని దేశములన్నిటిలో పెద్దది. అచ్చట సరకులలో అధికభాగము రోడ్డు మీదనే పోవును. దేశమధ్యమున నున్న మాతో గ్రోసో రాష్ట్రమున పండిన సోయాగింజలు లారీలో సాంతోస్ ఓడరేవు చేరవలెనన్న సుమారు 2,000 కిలోమీటర్ల దారి. కోతల కాలమున కిరాయిమీది ఆశయు, గడువు మీరునన్న భయమును గూడి డ్రైవరును కన్ను మూయనీయవు. నిద్ర నాపుకొనుటకై కొందరు ఆంఫిటమిన్ జాతి మాత్రలు మ్రింగుదురు. లారీవారు వాటికి పెట్టుకొన్న పేరు "రెబితె", అనగా రివెట్టు. కనురెప్పలు వాలకుండ రివెట్టు కొట్టినట్లుండునని కాబోలు! ఆ మందు పట్టు సడలినప్పుడు, ఆపియుంచిన నిద్ర యంతయు ఒక్కసారిగా మీదపడును. ఆ నిమిషమున ఎదుటినుండి బస్సు వచ్చుచున్నచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ప్రమాదమును తలచియే 2015 మార్చి 2వ తేదీన 13,103 సంఖ్యగల చట్టమును చేసిరి. సరకుల లారీలు, బస్సులు, వెనుక బండి తగిలించిన పెద్ద వాహనములు నడుపుటకు సి, డి, ఇ తరగతుల లైసెన్సు కోరువారు, దానిని పునరుద్ధరించుకొనువారు మాదకద్రవ్య పరీక్షలో నెగ్గవలెను. కనీసము గడచిన 90 దినముల వాడుక ఆ పరీక్షలో బయటపడవలెను. 2020లో చేసిన మరియొక చట్టము, 70 ఏండ్లలోపువారు రెండున్నర ఏండ్లకొకసారి పరీక్ష చేయించుకొనవలెనని విధించినది.

వెంట్రుకయే ఎందుకు? మూత్రములో ఇట్టి మందుల జాడ సాధారణముగ కొలది దినములలో మాసిపోవును. లైసెన్సు తేదీ తెలిసినవాడు ఒక వారము నిగ్రహించుకొన్న చాలును. వెంట్రుక యట్లు మోసపోదు. అది నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. రక్తములోని మందు కుదురునుండి దానిలో చేరి, దానితోపాటు పైకి సాగును. తలవెంట్రుకలు లేనివారినుండి శరీరరోమములు తీసికొందురు.

ఇక్కడనే చిక్కున్నది. వెదకవలసిన మందును నానోగ్రాములలో లెక్కింతురు. గ్రామును నూరు కోట్ల భాగములు చేయగా అందొక భాగము నానోగ్రాము. అంత సూక్ష్మమైన కొలతలో పనివాని చేయి తడబడినను, సీసామీది చీటీ మారినను, ఏ పాపమెరుగని డ్రైవరు ఇంట పొయ్యి ఆరిపోవును. కావున ఏ ప్రయోగశాల పడిన ఆ ప్రయోగశాల ఈ పని చేయరాదు. తొలుత దానికి సాంకేతికమైన గుర్తింపు కావలెను. ఆ గుర్తింపును అమెరికాలోని పెథాలజిస్టుల కాలేజి నుండి గాని, బ్రెజిల్ తూనికల సంస్థయైన ఇన్‌మెత్రో నుండి ఐ.ఎస్.ఓ. 17025 ప్రమాణము ననుసరించి గాని పొందవలెను. పిదప జాతీయ ట్రాఫిక్ శాఖ అనుమతి నీయవలెను. ఆ శాఖకు పూర్వము దెనత్రాన్ అని పేరు, 2021 నుండి సెనత్రాన్. భారతదేశమున ఎన్.ఎ.బి.ఎల్. సంస్థ పరీక్షాశాలలకు గుర్తింపునిచ్చుటయు ఈ 17025 ప్రమాణము ననుసరించియే.

గుర్తింపనగా గోడకు తగిలించు పటము కాదు. పరీక్షకులు వచ్చి యంత్రములను, లెక్కపుస్తకములను, పనివారి నేర్పును తనిఖీ చేయుదురు. ఉన్నదెంతయో ముందుగ తెలిసిన నమూనాలను పంపి, ప్రయోగశాల సరిగా చెప్పునో లేదో చూతురు. ప్రాథమిక పరీక్షలో అనుమానము కలిగినంతమాత్రమున తీర్పు చెప్పరాదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ యను రెండవ పద్ధతిచే నిర్ధారింపవలెను. గాలిలోని ధూళి అంటుకొన్నదో, మనిషి మందు వాడినాడో తేల్చుటకై వెంట్రుకను కడిగి, దేహములో మందు మారగా ఏర్పడు పదార్థములను గూడ వెదకుదురు. వైద్యుడు వ్రాసియిచ్చిన మందు వాడినవాడు దోషి కాకుండుటకు ఫలితమును పరిశీలించు వైద్యుడొకడుండును.

వీటన్నిటికంటె డ్రైవరును కాపాడునది రెండవ పొట్లము. సాక్షి యెదుట వెంట్రుకలు తీసి, రెండు భాగములు చేసి, ముద్రవేయుదురు. ఒకటి పరీక్షకు పోవును. రెండవది ప్రయోగశాలలో 5 ఏండ్లు భద్రముగ నుండును. ఫలితమును ఒప్పుకొననివాడు ఆ రెండవదానిని పరీక్షింపుమని అడుగు హక్కును, ఫలితము రహస్యముగ నుండవలెనను హక్కును చట్టమే యిచ్చినది. పరీక్ష రుసుము మాత్రము లైసెన్సు కోరువాడే చెల్లించుకొనవలెను.

ఎంత ముద్ర వేసినను ఈ తక్కెడ చెప్పజాలని సంగతులు కొన్ని కలవు. మూడు నెలలలో మందు వాడెనని వెంట్రుక చెప్పును గాని, స్టీరింగు పట్టిన దినమున మత్తులో నుండెనని చెప్పదు. నల్లని వెంట్రుకలోని రంగు పదార్థము కొన్ని మందులను అధికముగ పట్టియుంచునని పరిశోధకులు కనుగొనిరి. ఒకే మోతాదు వాడిన ఇద్దరి వెంట్రుకలు ఒకే లెక్క చూపకపోవచ్చును. మద్యమును ఈ పరీక్షలో వెదకనే వెదకరు.

మాత్ర మ్రింగుటకు మూలమైన అలసటనుగూర్చియు ఆ 2015 చట్టమే మాటాడినది. ఐదున్నర గంటలకు మించి ఎడతెగక వాహనము నడుపరాదు. సరకుల లారీ నడుపువాడు ప్రతి 6 గంటలలో 30 నిమిషములు విశ్రమింపవలెను. ప్రయాణికుల బస్సు నడుపువానికి ఆ విశ్రాంతి ప్రతి 4 గంటలలోనే కలదు.