పాపికొండల నావ ప్రయాణము



మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున పాపికొండల నావ ప్రయాణమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

భద్రాద్రి రాముని దర్శించిన యాత్రికులలో అనేకులు పోచవరము రేవునకు పోయి లాంచీ నెక్కుదురు. కూనవరము వద్ద శబరిని కలుపుకొన్న గోదావరి, పాపికొండల నడుమ సన్నగిల్లి మలుపులు తిరుగుచు ప్రవహించును. ఆ కొండల అడవి 1978లో అభయారణ్యముగను, 2008లో జాతీయోద్యానముగను ప్రకటింపబడినది. అందు పెద్దపులి, చిరుత, అడవిదున్న, కణుజు వసించుచున్నవి. ఐనను యంత్రపు రొదతో సాగు లాంచీనుండి అవి కంటబడునని ఆశింపరాదు. మనకు కనబడునవి నీటికొంగలు, పేరంటాలపల్లి శివాలయము, కొల్లూరు ఇసుకతిన్నెలు; అచ్చట వెదురు బొమ్మలమ్ముచు నిలిచిన కొండరెడ్లు.

ఇచ్చటనే మనము మర్యాద నెరిగి మెలగవలెను. కొండరెడ్లు చూడవచ్చిన వింత కారు. పోడు కొట్టి జొన్నలు, సామలు పండించుకొనుచు, ఏ వేరు ఏ రోగమునకు పనికివచ్చునో ఎరిగి జీవించు మన తోటివారు. 2019 సెప్టెంబరు 15వ తేదీన వరద గోదావరిలో కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగినది. అందలి 77 మందిలో 26 మందియే బ్రతికిరి. వారిని కాపాడుటకు మొదట తమ పడవలు వేసికొని వచ్చినవారు ఆ ప్రాంతపు గిరిజనులే! మనము ఫోటోకు నిలువుమని పిలుచు చేతులే ఆనాడు మునుగువారికి అందిన చేతులు.

నేడు వారి ఊళ్లకే మునక వచ్చినది. పోలవరము ఆనకట్ట పని సాగినకొలది దేవీపట్నము ప్రాంతమున వరదనీరు ఇండ్లలో ప్రవేశించి, పెక్కు కుటుంబములు పునరావాస కాలనీలకు తరలినవి. పొలములకు నీరు కావలయుననుట నిజమే. కాని ఆ నీటికై ఎవరు తమ ఊరిని విడిచిరో పంట తినువారు మరువరాదు. ఊరు కదలినచో ఇల్లు మరల కట్టవచ్చును. వాగుల పేర్లు, చెట్ల గుణములు, కొండదేవతల కథలు ఎచ్చట కట్టుదుము?

కావున నాదొక మనవి. ప్రయాణమునకు పోవువారు లైఫ్ జాకెట్టు ధరింపుడు. వెదురు బొమ్మకు బేరమాడకుడు. అడుగక ఫోటో తీయకుడు. మన గ్రంథాలయమున ఒక పుస్తకము తెరచి, మునకప్రాంతములనుండి వచ్చిన పెద్దలు చెప్పు సంగతులను, చెప్పినవారి సమ్మతితో, వారి మాటలలోనే వ్రాసి ఉంచుదము. అచ్చైన పుస్తకములను ఇరువదియైదేండ్లు కాపాడిన ఈ సంస్థ, అచ్చుకాని విజ్ఞానమునకును ఒక బీరువా కేటాయించుగాక!