రిమోట్ డెస్క్‌టాప్ కనెక్ట్ అవ్వట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకుందాం

ఇవాళ టాపిక్ చాలామందికి తలనొప్పి తెచ్చేదే. ఇంట్లో కూర్చుని ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్దామనో, బయట ఉండి షాపులోని కంప్యూటర్ ఫోన్‌లో చూద్దామనో రిమోట్ డెస్క్‌టాప్ ఓపెన్ చేస్తారు. కాసేపు గిర్రున తిరిగి ఒక మెసేజ్ వస్తుంది. రిమోట్ యాక్సెస్ ఆన్‌లో లేకపోవచ్చు, లేదా ఆ కంప్యూటర్ ఆఫ్‌లో ఉండొచ్చు, లేదా నెట్‌వర్క్‌లో దొరక్కపోవచ్చు అని. మూడు కారణాలూ ఒకేసారి చెప్తుంది. అంటే ఏమీ చెప్పనట్టే. నా దృష్టిలో విండోస్‌లో ఇంతకన్నా పనికిరాని మెసేజ్ ఇంకోటి లేదు.

కాబట్టి దాన్ని వదిలేయండి. మనమే వెతుకుదాం. చుట్టాల ఇంటికి పోయినట్టు ఆలోచించండి. ముందు ఊరు చేరాలి, తర్వాత ఇల్లు దొరకాలి, తలుపు తెరవాలి, లోపలివాళ్ళు మనల్ని గుర్తుపట్టాలి. రిమోట్ డెస్క్‌టాప్‌లో కూడా ఈ నాలుగే. ఇంటర్నెట్ దారి, కంప్యూటర్ ఐపీ అడ్రస్, 3389 అనే పోర్ట్, ఆ తర్వాత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. మన పని ఎక్కడ ఆగిపోయామో కనుక్కోవడం, అంతే.

మా కంగ్టిలో ఈమధ్య ఒక ఎరువుల షాపు కంప్యూటర్ చూశాను. దాన్నే ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే దాంట్లో లేని సమస్య లేదు. సోయా, కంది సీజన్‌లో షాపు కాక పొద్దంతా గిరాకీతో బిజీ. కొడుకు హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు, రాత్రిపూట అక్కడినుంచే స్టాకు, ఉద్దెర లెక్కలు చూడాలి. ఆ ఉద్దెర లెక్క ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంది. ఏ రైతు ఎంత ఇవ్వాలో ఇంకెక్కడా రాసి లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొట్టమొదట చేయాల్సింది ఏంటంటే, హైదరాబాద్ నుంచి ట్రై చేయడం ఆపేయడం. అదే షాపులో, అదే వైఫైలో ఇంకో ల్యాప్‌టాప్ పెట్టి కనెక్ట్ అవ్వండి. లోపల పనిచేసి బయటినుంచి పనిచేయకపోతే కంప్యూటర్‌లో తప్పు లేదు, దారిలో ఉంది. లోపలే పనిచేయకపోతే ఇంటర్నెట్ వాళ్ళకి ఫోన్ చేసి తిట్టడం దండగ. ఈ ఒక్క టెస్ట్‌తో సగం పని అయిపోతుంది. ఒక మాట, గెస్ట్ వైఫైలో టెస్ట్ చేయకండి. చాలా రౌటర్లలో గెస్ట్ వైఫైలో ఉన్న డివైజ్‌లు మిగతా వాటిని చూడలేవు.

షాపులో లోపలే పనిచేయలేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాంట్లో రిమోట్ డెస్క్‌టాప్ ఓపెన్ చేస్తే, మీ విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఇది లేదు అని వచ్చింది. చాలామందికి తెలియని విషయం ఇది. విండోస్ హోమ్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్ళొచ్చు, కానీ హోమ్ ఉన్న కంప్యూటర్‌లోకి ఇంకొకరు రాలేరు. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లు కావాలి. తక్కువ ధరలో వచ్చే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా హోమే ఉంటుంది. గంటలకొద్దీ ఫైర్‌వాల్ కెలికేముందు ఈ ఒక్క స్క్రీన్ చూడండి. కాక ప్రోకి అప్‌గ్రేడ్ చేయించాడు.

ఆ రోజు పనిచేసింది. మర్నాడు మళ్ళీ ఆగింది. "నిన్న మంచిగనే నడిచె గద బిడ్డా" అన్నాడు కాక. రాత్రి కరెంటు పోయి వచ్చింది, రౌటర్ రీస్టార్ట్ అయింది. నిన్న కంప్యూటర్‌కి 192.168.1.5 ఇచ్చింది, ఇవాళ 192.168.1.9 ఇచ్చింది. మనం పాత ఇంటి తలుపే కొడుతున్నాం. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ కంప్యూటర్‌కి ఒక ఐపీ రిజర్వ్ చేయండి, ఇక మారదు. అట్లనే పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని "నెవర్" పెట్టండి. నిద్రపోయిన కంప్యూటర్ జవాబివ్వదు. డెస్క్‌టాప్ అయితే బయోస్‌లో, కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే ఆప్షన్ ఉందేమో చూడండి. మన పల్లెల్లో కరెంటుకి ఇది చాలా అవసరం.

ఇప్పుడు తలుపు సంగతి. చాలామంది పింగ్ చేసి, రిప్లై రాలేదు కాబట్టి కంప్యూటర్ లేదు అనుకుంటారు. అది తప్పు. ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేసి రిమోట్ డెస్క్‌టాప్‌ని వదిలిపెట్టొచ్చు. కరెక్ట్ టెస్ట్ ఏంటంటే, ఇంకో విండోస్ కంప్యూటర్‌లో పవర్‌షెల్ ఓపెన్ చేసి టెస్ట్-నెట్‌కనెక్షన్ అని కొట్టి, దాని పక్కన ఐపీ, పోర్ట్ 3389 ఇవ్వండి. చివరి లైన్‌లో ట్రూ వస్తే తలుపు తెరిచే ఉంది. ఫాల్స్ వస్తే ఆప్షన్ ఆన్‌లో ఉందా, సర్వీసెస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ రన్ అవుతోందా, ఫైర్‌వాల్ అలౌడ్ యాప్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఎదురుగా టిక్ ఉందా చూడండి. ఆ టిక్ ప్రైవేట్, పబ్లిక్ అని రెండు చోట్ల ఉంటుంది, మీ వైఫై ఏ రకంలో ఉందో దాని కిందే ఉండాలి. బయట కొన్న యాంటీవైరస్ ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉంటుంది, దాన్నీ చూడాలి.

ట్రూ వచ్చాక కూడా లోపలికి రానివ్వకపోతే, ఇక నెట్‌వర్క్‌ని అనకండి. లాగిన్ దగ్గర సమస్య. షాపుల్లో కంప్యూటర్‌కి పాస్‌వర్డే ఉండదు, ఆన్ చేస్తే నేరుగా డెస్క్‌టాప్ వస్తుంది. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ని విండోస్ నెట్‌వర్క్ మీంచి రానివ్వదు, కావాలనే అలా పెట్టారు. రెండోది, పిన్. రోజూ నాలుగంకెల పిన్ కొట్టేవాళ్ళు ఇక్కడా అదే కొడతారు. ఆ పిన్ ఆ మెషిన్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుంది. ఇక్కడ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి.

ఇక బయటినుంచి. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. ఇంటర్నెట్‌లో వెతికితే, రౌటర్‌లో 3389 పోర్ట్ ఫార్వర్డ్ చేయి అయిపోతుంది అంటారు. మన దగ్గర సిమ్ నెట్ వాడేవాళ్ళకి అది మామూలుగా పనిచేయదు కూడా. ఎందుకంటే వేలమందికి ఒకే పబ్లిక్ ఐపీని పంచుతారు, దాన్ని సీజీ-నాట్ అంటారు. రౌటర్‌లో కనిపించే ఐపీ, "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికితే వచ్చే ఐపీ వేరువేరుగా ఉన్నా, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైనా మీది అదే కేసు.

పనిచేసే కనెక్షన్ ఉన్నా సరే, పోర్ట్ ఓపెన్ చేయకండి. ఇంటర్నెట్‌లో 3389 కోసం రాత్రింబవళ్ళు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. దొరికితే పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూస్తాయి. పోర్ట్ నంబర్ మారిస్తే కొంచెం ఆలస్యంగా దొరుకుతారు, అంతే. 2019 మే 14న మైక్రోసాఫ్ట్ బ్లూకీప్ అనే లోపానికి ప్యాచ్ ఇచ్చింది. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా లోపలికి రాగలిగే లోపం అది. ఎంత సీరియస్ అంటే, ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చారు. ఇప్పుడు కాక ఉద్దెర లెక్క గుర్తు తెచ్చుకోండి. ఎవడో దూరి ఆ ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగితే, ఏ రైతు ఎంత బాకీనో చెప్పేవాడుండడు. ఆ షాపు కంప్యూటర్‌లో నేను అన్నిటికన్నా ముందు చేసింది ఆ లెక్కని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీయడమే.

ఒక క్లూ చెప్తాను. మీరు ఒక్కసారి కూడా తప్పు కొట్టకుండానే "అకౌంట్ లాక్ అయింది" అని వస్తుంటే, ఇంకెవరో ప్రయత్నిస్తున్నట్టు అనుమానించండి. కొత్త విండోస్ 11లో పదిసార్లు తప్పు కొడితే పది నిమిషాలు లాక్ అవుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబర్ వరసగా కనిపిస్తే అవన్నీ ఫెయిలైన లాగిన్లు.

మరి దారి ఏంటి? వీపీఎన్. టెయిల్‌స్కేల్ లాంటిది రెండు వైపులా ఇన్‌స్టాల్ చేస్తే, సీజీ-నాట్ ఉన్నా, ఏ పోర్టూ తెరవకుండా కనెక్ట్ అవుతుంది. వాళ్ళకి నేను అదే పెట్టిచ్చాను. విండోస్ హోమే ఉంది, డబ్బులు పెట్టలేం అంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ చాలు. కనీసం ఆరంకెల పిన్ అడుగుతుంది, పుట్టినరోజు మాత్రం పెట్టకండి.

ఆఫీసు వాళ్ళకి రెండు మాటలు. 2020 లాక్‌డౌన్‌లో ఊళ్ళకొచ్చిన మనవాళ్ళందరికీ ఇది తెలిసిందే. కంపెనీ వీపీఎన్ కనెక్ట్ అయినా డెస్క్‌టాప్ రాకపోతే, పేరు బదులు ఐపీ కొట్టి చూడండి. ఐపీతో వచ్చి పేరుతో రాకపోతే అది డీఎన్ఎస్ సమస్య, ఐటీ టీమ్‌కి ఆ మాటే రాయండి. "పనిచేయట్లేదు" అని రాస్తే రెండు రోజులు, ఇది రాస్తే ఒక గంట. సాయంత్రం షట్‌డౌన్ కొట్టకండి, డిస్‌కనెక్ట్ కొట్టండి. ఖాళీ బిల్డింగ్‌లో ఆ బటన్ నొక్కేవాడు ఉండడు.

సిగ్నల్ వీక్‌గా ఉంటే ఎక్స్‌పీరియన్స్ ట్యాబ్‌లో తక్కువ స్పీడ్ ఎంచుకోండి, వాల్‌పేపర్ తీసేయండి. చూడ్డానికి బాగుండదు, కానీ నడుస్తుంది.

చివరగా ఒకటి. మీరు వెతుక్కుంటూ వెళ్ళి పెట్టుకునే రిమోట్ యాప్ వేరు, ఎవడో ఫోన్ చేసి పెట్టమనే యాప్ వేరు. ఎనీడెస్క్ ఇన్‌స్టాల్ చేయించి, వచ్చిన తొమ్మిదంకెల కోడ్ చెప్పించుకుని యూపీఐ డబ్బులు లాగేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే ఆర్బీఐ హెచ్చరించింది. యాప్ మంచిదే, అడిగేవాడు దొంగ. బ్యాంకు వాళ్ళమని, కేవైసీ అని ఎవరు అడిగినా కోడ్ చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్‌లో అలాంటి యాప్ ఏదైనా ఉందేమో ఇవాళే ఒకసారి చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో రౌటర్‌లో ఐపీ రిజర్వ్ చేయడం స్క్రీన్ మీద చేసి చూపిస్తాను. ఉంటాను ఫ్రెండ్స్.